రెండో గది పైకప్పులో సముద్రజీవి

మా ఊరి ప్రాథమిక పాఠశాల రెండో గది పైకప్పులో ఉంటున్న సముద్రజీవి క్షేమంగా ఉన్నదని ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఈ ప్రకటనను పోయిన శ్రావణమాసంలో బడి గేటుకు అంటించారు. సదరు జీవి చనిపోయి యాభై ఐదు కోట్ల సంవత్సరాలు అయిందనీ, అప్పటి నుంచి దాని ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదనీ, ప్రజలు పుకార్లు నమ్మవద్దనీ అందులో వివరంగా రాశారు. కింద స్టాంపు, సంతకం, తేదీ అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆ జీవి కింద కూర్చుని ఎక్కాలు చదివే పిల్లల క్షేమం గురించి మాత్రం ఏమీ లేదు. కాగితం చిన్నది. చోటు చాలలేదేమో.

ఆ పిల్లల్లో ఒకదానికి తల్లిని నేను. పేరు ముత్తమ్మ. మా పాప నాగవేణి మూడో తరగతి. మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. ఆదోనిలో అడిగితే మాది ఎమ్మిగనూరు పక్క అంటారు. ఎమ్మిగనూరులో అడిగితే ఆదోని పక్క అంటారు. ఆ విధంగా రెండు పట్టణాలూ మమ్మల్ని సమానంగా చూసుకుంటున్నాయి.

నేను భయస్తురాలినని ఊళ్ళో అందరూ అంటారు. ఒప్పుకుంటాను. మా ఆయన దేవేంద్రప్ప ఆదోని పత్తి మార్కెట్టులో హమాలీ. ప్రతి దసరాకూ దేవరగట్టు కర్రల పండుగ ఊరికే చూసొస్తానని పోయి, ప్రతి దసరాకూ తలకు కట్టుతో వస్తాడు. ఆయన చెప్పులు వేసుకునేటప్పుడే నేను పాత చీర చింపి కట్టుగుడ్డ సిద్ధం చేసుకుంటాను. కానీ ఆ కర్రల భయం ఏడాదికి ఒక్క రోజుది. రెండో గది పైకప్పు భయం ఆదివారాలూ పండుగలూ పోగా రోజూ ఉండేది.

ఆ గదిది బండల మిద్దె. కర్ర దూలాల మీద నాపరాతి బండలు పరిచి, పైన మట్టి పోసి, పాతికేళ్ళ కిందట ఊరివాళ్ళే కట్టుకున్నారు. వాకిలి నుంచి లెక్కపెడితే మూడో బండకు పగులు. మొదటి ఏడు అందులో వెంట్రుక దూరేది. రెండో ఏడు అగ్గిపుల్ల దూరింది. మూడో ఏడు పొడుగు కర్ర కొనతో ఎవరో పిల్లలు నాగవేణి పెన్సిలు అందులోకి తోస్తే అది మళ్ళీ బయటికి రాలేదు. సాయంత్రం దాని తల దువ్వితే మట్టి రాలేది. ఏ చోట కూర్చున్నావే అని అడిగితే, "ఆ బండ కిందే మా, ఆడైతే ఫ్యాను గాలి వస్తాది" అనేది.

హెడ్మాస్టరు వెంకోబారావు సారు మంత్రాలయం నుంచి రోజూ బస్సులో వచ్చే మర్యాదస్తుడు. ఆయన రాయగా, తల్లులం సంతకాలూ వేలిముద్రలూ పెట్టగా, మూడేళ్ళలో పది అర్జీలు పోయాయి. జవాబులు రాలేదంటే అన్యాయం. వచ్చాయి. మొదటి జవాబులో అర్జీ అందినదని ఉంది. ఐదో జవాబులో, మొదటి జవాబు అందినదో లేదో తెలపాలని ఉంది. ఎనిమిదో జవాబు పగులు పొడవు, వెడల్పు, స్వభావం వివరించమంది. అన్నిటికంటే పదో జవాబు బాగుంది. సదరు బండ ఇంతవరకు ఎవరి మీదా పడనందున అది ప్రమాదకరమని రుజువు కాలేదనీ, పడిన వెంటనే తగిన వివరాలతో సంప్రదించాలనీ, అప్పటిదాకా పదకొండో అర్జీ ఏదైనా పెట్టేట్లయితే ఫోటో జతచేయాలనీ రాశారు.

సరే, ఫోటో తీశాం. బెంచీ మీద కుర్చీ వేసి, కుర్చీని నేనూ, బెంచీని మధ్యాహ్న భోజనం వండే ఎస్తేరూ గట్టిగా పట్టుకోగా, సారు పైకెక్కి సెల్‌ఫోనుతో పగులు ఫోటో తీశారు. బాగా వచ్చింది. పంపించాం. తొమ్మిదో రోజుకు జీపు వచ్చింది.

నాకు ఏడుపు ఆగలేదు. "సూసినావా వదినా, మన మొర ఇన్నాళ్ళకు ఇనపడింది" అంటూ ఎస్తేరు టీ పెట్టడానికి పరుగెత్తింది. జీపులోంచి నలుగురు దిగి, తిన్నగా రెండో గదిలోకి పోయి, తలలెత్తి పైకి చూసి, "ఆహా" అన్నారు. పగులును చూసి ఆహా అన్న అధికారిని మేము అంతవరకు చూడలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళు చూస్తున్నది పగులును కాదు. పగులు పక్కన, జానెడు దూరంలో, సున్నం మీద గుండ్రంగా తేలిన ఒక గుర్తును.

వచ్చినవారు పురాజీవ శిలల పరిరక్షణ ఉపసంఘం వారు. మా అర్జీ ఎన్ని బల్లలు తిరిగిందో, ఏ బల్ల దగ్గర ఎవరి కన్ను ఆ గుండ్రం మీద పడిందో దేవుడికి తెలియాలి. ముందు నిలబడినవారు సంఘం అధ్యక్షులు. పక్కన భూతద్దంతో ఉన్నాయన నిపుణుడు. ఊరివాళ్ళు ఆయనకు రాళ్ళ సారు అని పేరు పెట్టుకున్నారు. రాళ్ళ సారు పిల్లలను గోడ వారకు జరిపి, నిచ్చెన ఎక్కి, చూసి, దిగి, చెమట తుడుచుకుని, ఇది డికిన్సోనియా అని ప్రకటించాడు.

డికిన్సోనియా అంటే సముద్రం అడుగున చాప మాదిరి పరుచుకుని బతికిన ప్రాణి అట. జొన్నరొట్టెలాగా గుండ్రం. మధ్యలో ఒక గీత, గీతకు అటూ ఇటూ పక్కటెముకల్లాంటి మడతలు. కాళ్ళు లేవు, కళ్ళు లేవు, నోరు కూడా లేదు. పెద్దవాటికి మడతలు వందల్లో ఉంటాయట. మా బండలో ఉన్నదానికి అటు నాలుగు, ఇటు నాలుగే. కనుక ఇది పసిబిడ్డ అని తేల్చారు. కొలిస్తే ఇరవై రెండు సెంటీమీటర్లు వచ్చింది. కుడివైపు చివరి మడత సగంలో తెగి ఉంది. ఆ పసిబిడ్డను ఏదో క్రూరజీవి కొరికి ఉంటుందనీ, బహుశా భూమి మీద ఇదే మొట్టమొదటి కొరుకుడనీ రాళ్ళ సారు చెప్పేసరికి అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, అక్కడికక్కడే ఉపన్యాసం ఇచ్చారు.

"పిల్లలూ! ఈ జీవిని చూడండి. నోరు లేదు, కనుక అర్జీ పెట్టలేదు. కడుపు లేదు, కనుక గుడ్డు చిన్నదిగా ఉందని గొణగలేదు. మరుగుదొడ్డి అడగలేదు, తాగునీరు అడగలేదు. ఉన్నచోటే ఉంది, పరుచుకుని ఉంది, అణిగిమణిగి ఉంది. అందుకే ఈ రోజు మనమంతా దానికి నమస్కరిస్తున్నాం. మీరు కూడా ఇలాంటి పౌరులు కావాలి!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. పైనుంచి మట్టి రాలింది.

"సారూ, ఆ పగులు..." అన్నాను.

"చూశానమ్మా, చూశాను. జానెడు దూరంలోకి వచ్చేసింది. పసిబిడ్డకు చాలా ప్రమాదం" అని ఆయన గుమాస్తా వైపు తిరిగి, రాసుకోమన్నారు. మూడేళ్ళలో ప్రమాదం అనే మాట ఒక అధికారి నోట మొదటిసారి విన్నాను. ఆయనకు దండం పెట్టాను.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. అది పిడక.

బడి కట్టేటప్పుడు ఊళ్ళో ఇంటికో బండ ఇచ్చారు. మా ఇంటివాళ్ళు ఇచ్చింది దొడ్లో గోడకు ఆనించి నిలబెట్టిన బండ. దాని మీద మా అత్త హులిగమ్మ ఏళ్ళ తరబడి పిడకలు తట్టింది. బండను మిద్దెకు ఎక్కించిన రోజున ఒక పిడక పెళ్ళ ఊడిరాకుండా ఉండిపోయింది. దాని మీదే సున్నం కొట్టారు. ఆ తర్వాత ఏటేటా సున్నమే. కొన్నాళ్ళకు పేడ రాలిపోయింది, వేళ్ళ గుర్తులు సున్నంలో నిలిచిపోయాయి. మా అత్త పిడక తట్టే తీరు వేరు. రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టి, అటు నాలుగు, ఇటు నాలుగు వేళ్ళు దించి అదుముతుంది. కుడిచేతి చిటికెన వేలు సగమే ఉంది. మిగతా సగం జొన్న కోతలో కొడవలికి పోయింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆమె తట్టిన పిడకలు పొయ్యిలో పెడుతున్నాను. ఆమె చేయి నాకు తెలియకుండా ఉంటుందా? భూమి మీద మొట్టమొదటి కొరుకుడు అదే.

జీపు పోయిన తర్వాత ఆ మాటే వెంకోబారావు సారుకు చెప్పాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"గట్టిగా అనకమ్మా ముత్తమ్మా. పగులు కోసం పది కాగితాలు రాస్తే సైకిలు కూడా రాలేదు. పిడక కోసం జీపు వచ్చింది. ఉండనీ. దాంతోబాటు బండా మారుతుంది."

"అబద్ధం గదా సారూ."

"మనం ఏమైనా అన్నామా? వాళ్ళే చూసినారు, వాళ్ళే అన్నారు."

ఎస్తేరు టీ గిన్నె కడుగుతూ, "దేవుడు సాయం ఏ రూపంలో పంపినా వద్దనగూడదు వదినా. మనకు పిడక రూపంలో పంపినాడు" అంది. నేను నోరు మూసుకున్నాను. మా అత్త ఊళ్ళో లేదు. కూతురి కాన్పుకని గోనెగండ్లకు పోయి ఉంది. అది కూడా మంచికే అనుకున్నాను.

రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది. సదరు బండను ఎవరూ తాకరాదు, తీయరాదు, పూయరాదు, అతకరాదు. సుత్తి చప్పుడు పసిబిడ్డకు హాని కనుక గదిలో ఎలాంటి మరమ్మతూ చేయరాదు. అయితే విద్యాహక్కును గౌరవించి తరగతులు యథావిధిగా అదే గదిలో నడపాలి. ఒకవేళ బండ కూలితే జీవి దెబ్బతినకుండా దాని కింద నేల మీద ఒక పరుపు వేయాలి.

పరుపు వచ్చింది. అరడుగు మందం, పైన ప్లాస్టిక్ కాగితం. మా ఊళ్ళో అలాంటి పరుపు ఎవరి పెళ్ళికీ పెట్టలేదు. పరుపు చుట్టూ తాడు కట్టి, "పిల్లలు ఎక్కరాదు" అని బోర్డు పెట్టారు. పరుపు వేసిన చోట అంతవరకు ఒకటో తరగతి కూర్చునేది. ఒకటో తరగతిని జరిపి మూడో తరగతితో కలిపి సరిగ్గా పగులు కింద కూర్చోబెట్టారు. బండ పడితే జీవి పరుపు మీద పడుతుంది, మిగిలిన బండ ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. ఏర్పాట్లు పకడ్బందీగా ఉన్నాయని రాళ్ళ సారు పరుపును నొక్కి చూసి తృప్తిపడ్డాడు.

అప్పటి నుంచి జనం రావడం మొదలైంది. ఆస్పరి నుంచి ఆటోలు కట్టుకుని వచ్చారు. పిల్లలు లేనివాళ్ళు పరుపు తాడుకు ముడుపులు కట్టారు. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన తువ్వాలును జీవికి కప్పాలని ఒకాయన తెచ్చి, పైకప్పుకు ఎలా కప్పాలో తెలియక అధ్యక్షులవారికే కప్పి పోయాడు. బడి గేటు దగ్గర ఎనిమిది మడతల రొట్టెలు అమ్మారు. చూడవచ్చిన వారందరికీ పిల్లలు లేచి నిలబడి, "యాభై ఐదు కోట్ల ఏండ్లు" అని ఒక్క గొంతుతో చెప్పాలి. నాగవేణికి తొమ్మిదో ఎక్కం రాదు గానీ నిద్రలో లేపినా అది చెప్పేది. ఇంతలో పగులులోకి వేలు దూరడం మొదలైంది. వేలు పెట్టి చూసింది నేనే. తాకరాదన్న ఉత్తర్వును ఆ ఒక్కసారి ఉల్లంఘించాను. ఇంటికి వచ్చి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల తడిమాను. చిన్న తల. రెండు చేతులు కప్పితే మొత్తం కప్పుకుపోతుంది.

"బడికి పంపొద్దులే" అన్నాడు మా ఆయన.

"మన పాపను మాన్పిస్తాం. మిగతా పిల్లోల్లను?"

తెల్లారి నేను సారు దగ్గరికి పోయి, పన్నెండో అర్జీ నేనే రాస్తానని చెప్పాను. పిల్లలు, పగులు, ప్రాణం అనే మాటలతో పదకొండు రాసి చూశాం. ఈసారి ఇలా రాశాను.

"అయ్యా, మేము సదరు జీవి మంచి కోరే తల్లులం. దాని కింద మా పిల్లలు రోజూ గట్టిగా ఎక్కాలు చదువుతున్నారు. పన్నెండో ఎక్కం దగ్గర అరుపు మరీ ఎక్కువ. ఆ అదురుకు పసిబిడ్డ ఉలిక్కిపడుతోందని మా అనుమానం. పిల్లలకు జలుబులు. తుమ్ములు నేరుగా పైకే పోతున్నాయి. సముద్రం అడుగున నిశ్శబ్దంగా బతికిన ప్రాణి మా పిల్లల గోలకు ఎంత బాధపడుతోందో, నోరు లేనందున చెప్పుకోలేకపోతోంది. కనుక పిల్లలను దానికి దూరంగా తరలించి జీవిని కాపాడగలరు."

మూడో రోజు పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. పిల్లల వల్ల జీవికి కలుగుతున్న ముప్పు దృష్ట్యా వారిని తక్షణం ఖాళీ చేయించాలని ఉత్తర్వు. ఊరి చివరి విత్తనాల గోదాము శుభ్రం చేయించి, చాపలు వేయించి, బడిని అక్కడికి మార్చారు. గట్టి సిమెంటు కప్పు. నేను లోపల నాలుగు మూలలా తిరిగి, చీపురు కర్రతో కొట్టి చూశాను. ఆ సాయంత్రం నాగవేణి తల దువ్వితే దువ్వెనకు ఏమీ రాలేదు. నమ్మకం చాలక మళ్ళీ దువ్వాను. "ఎన్నిసార్లు దువ్వుతావు మా, జుట్టు ఊడిపోతాది" అని అది విసుక్కుంది.

ఆ విధంగా యాభై ఐదు కోట్ల ఏళ్ళ పసిబిడ్డ పుణ్యమా అని మా పసిబిడ్డలు నెలన్నర క్షేమంగా ఉన్నారు. అంతటితో ఆగి ఉంటే ఈ కథ రాసే పని నాకు ఉండేది కాదు. కానీ కార్తీకమాసంలో, ఖాళీ అయిన రెండో గదికి జీవశిలా దర్శన మందిరం అని పేరు పెట్టి, ప్రారంభోత్సవం తలపెట్టారు. ఊళ్ళో అందరికంటే పెద్దామె చేత కొబ్బరికాయ కొట్టించాలని అధ్యక్షులవారు ముచ్చటపడ్డారు. అందరికంటే పెద్దామె మా అత్త. ముందురోజే గోనెగండ్ల నుంచి దిగింది.

ఆపడానికి నేను చేయని ప్రయత్నం లేదు. కూతురికి జ్వరం వచ్చిందంట పో అన్నాను. "నిన్ననే సూసొచ్చినా, రాయి మాదిరి ఉండాది" అంది. కళ్ళద్దాలు జొన్నల గంపలో దాచాను. వెతికి పెట్టుకుంది. చివరికి జీపు ఇంటి ముందుకు వచ్చి ఆగేసరికి, ఎప్పుడూ జీపు ఎక్కని మనిషి, నన్ను పక్కకు తోసి ముందు సీట్లో కూర్చుంది.

మందిరంలో మైకు పెట్టారు, పూలదండలు కట్టారు. అధ్యక్షులవారు ముప్పావు గంట మాట్లాడి, ఈ జీవి మన ప్రాంతపు తొలి తల్లి అని ముగించారు. చప్పట్ల మధ్య మా అత్త కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టడానికి తలెత్తింది. తలెత్తి అలాగే ఉండిపోయింది.

"ఏమ్మే ముత్తీ, ఇది నా పిడక గదే!"

మైకు పక్కనే ఉంది. ఆ మాట ఊరు దాటి చేలదాకా పోయింది.

"అత్తా, ఊరుకో" అన్నాను, చేయి పట్టుకుని.

"ఊరుకునేదేంది? నా చెయ్యి నాకు తెలీదా? ఇదో, ఈ పక్క సగం యేలు సూడు!"

అధ్యక్షులవారు నవ్వి, "పెద్దామె చమత్కారంగా మాట్లాడుతున్నారు" అన్నారు.

"సమత్కారం కాదప్పా. నిచ్చెన యాడుంది? నువ్వే సూద్దువు రా."

డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి చీర దోపి నిచ్చెన ఎక్కింది. నేను కేకలు పెట్టాను. అబద్ధం బయటపడుతుందని కాదు, ఆమె పడుతుందని, ఆమె చేయి తగిలి బండ పడుతుందని. రెండు చేతులూ ఎత్తి ఆమె ఆ గుర్తుల్లో వేళ్ళు పెట్టింది. ఎనిమిదీ అమిరాయి. ఏడున్నర అనాలి. మట్టి జలజలా రాలింది. రాళ్ళ సారు కింద నిలబడి భూతద్దంతో చాలాసేపు మా అత్త చిటికెన వేలును చూశాడు. తర్వాత భూతద్దం జేబులో పెట్టుకుని, నీళ్ళు కావాలని అడిగాడు.

మూడేళ్ళపాటు ఊరి తల్లులంతా పగులు పగులు అని మొత్తుకుంటే నమ్మనివారు, ఒక్క ముసలామె పిడక అంటే ఒక్క నిమిషంలో నమ్మారు. మా మాటను ఇంత వేగంగా నమ్మడం అదే మొదలు. అధ్యక్షులవారు జీపు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని, నిలబడే ఉత్తర్వు రాశారు. "సదరు గదిలో పురాజీవి లేదని తేలినది. కనుక అక్కడ రక్షించవలసినది ఏదీ లేదు. కనుక గతంలో ఇచ్చిన ఆదేశాలన్నీ రద్దు. గోదామును విత్తనాలకు అప్పగించి, పిల్లలను సోమవారం నుంచి తిరిగి అదే గదిలో కూర్చోబెట్టవలెను." రెండు కనుకలూ ఆయన స్వహస్తంతో రాశారు. పరుపును మాత్రం మరిచిపోకుండా జీపులో వేసుకుపోయారు.

ఇంటికి వచ్చాక మా అత్తకు సంగతంతా చెప్పాను. ఆమె ముఖం నల్లబడింది.

"పిల్లోల్లు మల్లా ఆ బండ కిందికేనా? నాకు ముందే సెప్పొద్దా?"

"ఊరుకో అన్నాను గదత్తా."

"ఊరుకో అంటే ఊరుకుంటానా? నువ్వు వచ్చినకాడి నుంచి ఎప్పుడన్నా ఊరుకున్నానా?"

అది నిజమే. తప్పు నాదే. మర్నాడు ఆమె సగం వేలు కొంగులో దాచుకుని బడికి పోయి, "నాకు కండ్లు సరిగా కనపడవు సారూ, అది నా పిడక కాదేమో, రాసి పంపు" అని వెంకోబారావు సారును బతిమాలింది. సారు ఫోను చేశారు. సాక్ష్యం ఒకసారి నమోదైన తర్వాత మార్చడానికి వీలుకాదని అవతల చెప్పారు. పగులు సంగతి ఎత్తితే, పదో జవాబు చూసుకోమన్నారు. శనివారం సాయంత్రం సారు చాపలన్నీ రెండో గదికి తెప్పించి, వేయించి, చాలాసేపు వాకిట్లో నిలబడి, ఆఖరి బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. ఆయనకూ ఉద్యోగం ఉంది. ఆయన్ను అనకూడదు.

ఆదివారం ప్రార్థన కాగానే ఎస్తేరు తెల్లచీర మార్చకుండా మా ఇంటికి వచ్చింది.

"వదినా, ఆ కాగితం ఇంగోసారి సదువు."

చదివాను. అక్కడ రక్షించవలసినది ఏదీ లేదు. ఆదేశాలన్నీ రద్దు.

"అన్నీ అంటే, ఆ బండను ముట్టుకోవద్దన్న ఆర్డరు గూడా పోయినట్టే గదా?"

"పోయినట్టే."

"అయితే మీ గడ్డపార యాడుంది?"

ఇంటింటికీ పోయి చెప్పాం. ఎవరూ ఎందుకని అడగలేదు. గంపలు, పారలు, తాళ్ళు తెచ్చుకున్నారు. మా అత్త నిచ్చెన పట్టుకుని నిలబడి, ఎక్కేవాళ్ళందరినీ తిట్టింది. "మెల్లగా ఎక్కే, నీ అమ్మ నిన్ను ఇందుకే కన్నదా?" దూలం మీదనే అడుగు వేస్తూ, బండ మీది మట్టి గంపలకెత్తి కిందికి దించాం. బండ బయటపడింది. పగులు పై నుంచి చూస్తే ఇంకా పెద్దది. ఎస్తేరు దూలం మీద కూర్చుని, ఆ పగులులో గడ్డపార మొన పెట్టింది. అదిమిందా అంటే ఇప్పటికీ లేదంటుంది. మొన పెట్టింది, అంతే.

బండ పోయింది.

దుమ్ము తగ్గాక ఆ సందులోంచి వంగి చూశాం. బండ రెండు ముక్కలై మూడో తరగతి చాప మీద పడి ఉంది. చాప కనపడటం లేదు. నాగవేణి చెప్పిన చోటు అదే. ఫ్యాను గాలి బాగా వచ్చే చోటు. నిచ్చెన కింద నుంచి మా అత్త, "పడిందా? సోమారం పదింటికైతే..." అని, ఆ మాట అక్కడే ఆపేసింది. పెళ్ళై వచ్చినకాడి నుంచి ఆమె ఊరుకోవడం అదొక్కసారే చూశాను.

సోమవారం పదింటికి జీపు వచ్చింది. ప్రభుత్వ కట్టడాన్ని ధ్వంసం చేసినందుకు పద్నాలుగు మంది ఆడవాళ్ళ మీద కేసు రాశారు. పైకప్పు లేని గదిలో బడి నడపడం నిబంధనలకు విరుద్ధం కనుక పిల్లలను గోదాములోనే ఉంచాలని రాశారు. కూలబోయే పైకప్పుకు నిబంధన అడ్డం రాలేదు. కూలిన పైకప్పుకు వచ్చింది. ఏదైతేనేం, ఇప్పుడు విత్తనాలు వరండాలో ఉన్నాయి, పిల్లలు లోపల ఉన్నారు.

కేసు నోటీసును వెంకోబారావు సారు చదివి వినిపించారు. "సదరు బండ పూర్తిగా పగిలి, ఏ క్షణంలోనైనా కూలిపోయే అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నదని తెలిసి కూడా, నిందితురాళ్ళు దాని మీదికి ఎక్కి తమ ప్రాణాలకు ముప్పు తెచ్చుకొనిరి." అక్కడ ఆపి మళ్ళీ చదవమన్నాను. చదివారు. మూడేళ్ళుగా పదకొండు అర్జీల్లో మేము అడిగింది ఆ ఒక్క వాక్యమే. స్టాంపు వేసి, సంతకం పెట్టి, ఇంటికి తెచ్చి ఇచ్చారు. వాయిదా ఉన్న రోజు పద్నాలుగు మందిమీ సద్దిమూటలు కట్టుకుని పోయి వస్తున్నాం.

మీరు ఇంతవరకు ఓపికగా చదివారు. సంతోషం. ఆ సముద్రజీవి వయసు ఎన్ని కోట్ల ఏళ్ళో మీకు ఇప్పుడు తెలుసు. దాని కొలత తెలుసు, మడతలు ఎన్నో తెలుసు, వాటిలో ఏది సగమో కూడా తెలుసు. ఆ గదిలో కూర్చునే పిల్లలు ఎంతమందో నేను ఎక్కడా రాయలేదు.

మీరూ అడగలేదు.